హోరు వేరు, గోల వేరు: హెడ్‌ఫోన్లు కొనేముందు ఇది చూసుకోండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికలో వారం వారం వచ్చే టెక్నాలజీ పేజీ నేను వదలకుండా చదువుతాను. తక్కువ ధరలో వచ్చిన కొత్త హెడ్‌ఫోన్ల గురించి రాసినప్పుడల్లా బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది, ఏయే రంగుల్లో దొరుకుతాయి, ఎంతసేపు ఛార్జింగ్ పెడితే ఎంతసేపు పాటలు వినొచ్చు, ఇవన్నీ రాసి చివర్లో 'నాయిస్ క్యాన్సలేషన్ కూడా ఉంది' అని ఒక్క ముక్కతో సరిపెడుతున్నారు. ఆ ఒక్క ముక్క కోసమే కొనేవాళ్లం చాలామందిమి ఉన్నాం. దానికి అర్థం ఏంటో సరిగ్గా తెలియక నేను రెండుసార్లు డబ్బు పోగొట్టుకున్నాను. మూడోసారి కొనేముందు కూర్చుని తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ఉత్తరం కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

నేను ఇంట్లో కూర్చుని రికార్డింగులు విని టైప్ చేసే పని చేస్తాను. మీటింగులు, ఇంటర్వ్యూలు, ఉపన్యాసాలు. మాట్లాడేవాళ్లు ఒక్కోసారి మైకుకి దూరంగా ఉంటారు, ఒకరి మాట మీద ఇంకొకరు మాట్లాడతారు, ఒక్క పదం కోసం అదే పది సెకన్లు ఐదారుసార్లు వెనక్కి తిప్పి వినాల్సి వస్తుంది. మా గోడకి ఆనుకుని ఇనుప గేట్లు చేసే వర్క్‌షాప్ ఉంది. పొద్దున కంప్రెసర్ మొదలైతే సాయంత్రం దాకా గుయ్యిమంటూనే ఉంటుంది, దాని మీద కటింగ్ మెషిన్ కీచుమంటుంది, సుత్తి దెబ్బలు, మధ్యలో పనివాళ్ల కేకలు. వాళ్ల బతుకుతెరువు వాళ్లది, ఆపమని ఎలా అడుగుతాం. నేనే ఏదో ఒకటి చేసుకోవాలి.

మొదటిసారి కొన్నవి చిన్న ఇయర్‌బడ్స్. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో నాయిస్ క్యాన్సలేషన్ అని ఉంది, అమ్మినతనూ 'బయటి శబ్దం అసలు రాదు మేడమ్' అన్నాడు. ఇంటికి తెచ్చి చెవుల్లో పెట్టుకుంటే కంప్రెసర్ అలాగే వినిపిస్తోంది. ఏదైనా బటన్ నొక్కాలేమో అని మాన్యువల్ అంతా చదివాను, ఫోన్లో సెట్టింగ్స్ అన్నీ వెతికాను, రెండు రోజులు అదే టెన్షన్. మూడో రోజు మా అక్క కొడుకు వచ్చి పెట్టె చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, పెద్ద అక్షరాల కింద సన్నగా ఉన్న మూడు అక్షరాలు చూపించాడు. 'పిన్నీ, ఇది ఏఎన్‌సీ కాదు, ఈఎన్‌సీ. నువ్వు ఫోన్ మాట్లాడేటప్పుడు అవతలి వాళ్లకి నీ వెనక గోల వినపడకుండా చేస్తుంది. నీ చెవికి ఇది చేసేదేం లేదు' అన్నాడు.

అసలు విషయం ఇక్కడే ఉంది, అందుకే దీని గురించి కొంచెం వివరంగా చెప్తాను. ఈఎన్‌సీ అంటే ఎన్విరాన్‌మెంటల్ నాయిస్ క్యాన్సలేషన్. అది మైకుకి సంబంధించిన ఏర్పాటు. మీ గొంతుని పట్టుకుని, చుట్టూ ఉన్న రొదని తగ్గించి అవతలికి పంపుతుంది. కాల్స్ ఎక్కువ మాట్లాడేవాళ్లకి చాలా ఉపయోగం, కాదనను. కానీ మీరు వినే దాంట్లో దానివల్ల రవ్వంత తేడా కూడా ఉండదు. ఏఎన్‌సీ అంటే యాక్టివ్ నాయిస్ క్యాన్సలేషన్, అది మీ చెవి కోసం పనిచేసేది. ఇక మూడో మాట నాయిస్ ఐసోలేషన్. అంటే ఏ సర్క్యూటూ లేకుండా రబ్బరు, ఫోమ్, మెత్తటి దిండు లాంటి ప్యాడ్ అడ్డుపడి శబ్దాన్ని ఆపడం. చెవిలో వేలు పెట్టుకుంటే ఎలాగో ఇదీ అలాగే. మూడూ మూడు వేరు వేరు పనులు. తక్కువ ధర పెట్టెల మీద మాత్రం మూడింటినీ నాయిస్ అన్న ఒక్క మాట కిందే రాసేస్తున్నారు. కొనేవాడికి తేడా తెలియదని తెలిసే అలా రాస్తున్నారని నాకు అనిపిస్తుంది.

సరే, ఈసారి అసలైన ఏఎన్‌సీ ఉన్నవే కొనాలని పట్టుబట్టి రెండోసారి కొన్నాను. చెవి మీద ఆనేవి, చిన్న గుండ్రటి ప్యాడ్లు. ఆన్ చేయగానే కంప్రెసర్ గుయ్యి సగానికి పైగా తగ్గింది, ప్రాణం లేచొచ్చింది. పావుగంటలో కటింగ్ మెషిన్ మొదలైంది. కీచుమనే ఆ మోత ఏమాత్రం తగ్గలేదు సరికదా, కింద గుయ్యి లేకపోయేసరికి ఇంకా సూటిగా వచ్చి చెవిలో గుచ్చుకుంది. పనివాళ్ల మాటలైతే ముందుకంటే స్పష్టంగా వినిపించాయి. చెడిపోయిన పీస్ ఇచ్చారనుకుని వెనక్కి తీసుకెళ్లాను, మార్చి ఇచ్చారు, కొత్తదీ అంతే. తప్పు పీసుది కాదు, పద్ధతే అంత. ఆ సంగతి నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే వాటిని కొనేదాన్ని కాదు.

ఏఎన్‌సీ ఎలా పనిచేస్తుందో ఒకసారి తెలిస్తే ఇక ఎవరూ మోసం చేయలేరు. శబ్దం అంటే గాలిలో అల. హెడ్‌ఫోన్ బయట ఉన్న చిన్న మైకు ఆ అలని వింటుంది, లోపలి సర్క్యూట్ దానికి సరిగ్గా తలకిందులుగా ఉండే అలని తయారుచేసి స్పీకర్లో వినిపిస్తుంది. అక్కడ ఎత్తు ఉంటే ఇక్కడ పల్లం. రెండూ మీ చెవి దగ్గర కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. పాల్ లూయెగ్ అనే జర్మన్‌కి దీని మీద అమెరికాలో 1936లోనే పేటెంట్ వచ్చింది. కాకపోతే అప్పట్లో అంత వేగంగా లెక్క కట్టి పనిచేసే పరికరాలు లేవు. 1978లో విమానంలో అమెరికా తిరిగి వెళ్తున్న ప్రొఫెసర్ అమర్ బోస్ (బోస్ ఆడియో కంపెనీ పెట్టినాయన), విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్లలో సంగీతం ఇంజన్ హోరులో కలిసిపోతుంటే ఆ ప్రయాణంలోనే కాగితం మీద లెక్కలు వేయడం మొదలుపెట్టారు. దాన్నుంచి 1989లో పైలట్ల హెడ్‌సెట్, 2000లో మామూలు ప్రయాణికులు కొనుక్కోగల హెడ్‌ఫోన్ వచ్చాయి. గమనించండి, ఇది పుట్టిందే విమానం ఇంజన్ హోరు కోసం. ఆగకుండా ఒకే తీరులో సాగే లోతైన శబ్దం కోసం. ఇవాళ్టికీ దాని బలం అక్కడే ఉంది.

ఎందుకంటే లోతైన శబ్దం నెమ్మదిగా ఊగుతుంది. 100 హెర్ట్జ్ శబ్దంలో ఒక్కో అల పూర్తవడానికి సెకనులో వందో వంతు పడుతుంది, దాని పొడవు మూడు మీటర్ల పైమాటే. అంత తాపీగా వచ్చే అలకి ఎదురు అల తయారుచేయడానికి సర్క్యూట్‌కి కావాల్సినంత టైం దొరుకుతుంది. అదే 4000 హెర్ట్జ్ దగ్గర ఒక్కో అల సెకనులో నాలుగు వేలో వంతు, పొడవు ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు. అక్కడ లెక్క కాస్త ఆలస్యమైనా ఎదురు అల తప్పు చోట పడుతుంది. తగ్గడం మాట అటుంచి కొన్నిసార్లు శబ్దం పెరిగే ప్రమాదం కూడా ఉంటుంది కాబట్టి సర్క్యూట్లని కింది స్థాయి శబ్దాల మీదే పనిచేసేలా చేస్తారు. సుమారు 1000 హెర్ట్జ్ దాటాక ఏఎన్‌సీ చేసే పని బాగా తగ్గిపోతుంది, ఆ పైన అంతా రబ్బరు, ఫోమ్ మీదే ఆధారం. మాటల్లో అర్థం తెలియడానికి కావాల్సిన హల్లులు, 'స', 'ష', 'ట', 'చ' లాంటివి, చాలావరకు ఆ పై భాగంలోనే ఉంటాయి. అందుకే ఏఎన్‌సీ పెట్టుకున్నా పక్కవాళ్ల మాటలు వినపడతాయి. సుత్తి దెబ్బ, తలుపు ధడేల్‌మని వేయడం, హారన్ లాంటివి ఉన్నట్టుండి వచ్చిపడతాయి, వాటినీ అది పెద్దగా ఆపలేదు.

మన భాషలో ఈ తేడా ముందే ఉంది. ఏసీది, ఫ్యానుది, బస్సు ఇంజన్‌ది, రైలుది హోరు. మనుషులది గోల. సుత్తిది మోత. కటింగ్ మెషిన్‌ది కీచు. హోరుకి ఏఎన్‌సీ మంచి మందు. గోలకీ కీచుకీ మందు ఐసోలేషన్, అంటే చెవిని గట్టిగా మూసే రబ్బరు లేదా ప్యాడ్. మోతకి రెండూ కలిసి కొంత. ఇంతకు మించిన రహస్యం ఏమీ లేదు.

కాబట్టి ఏ మోడల్ మంచిది అని అడిగేముందు ఒక రోజంతా మీ శబ్దం మీరు వినండి. నేను మూడోసారి కొనేముందు అదే చేశాను. కాగితం మీద గంటగంటకీ ఏం వినపడుతోందో రాసుకున్నాను. నాకు అడ్డొస్తున్నది కంప్రెసర్ అని అన్నాళ్లూ అనుకున్నాను కానీ, కాగితం చూస్తే నేను రికార్డింగ్ ఆపి మళ్లీ వెనక్కి తిప్పుకున్న ప్రతిసారీ అక్కడ రాసి ఉన్నది కీచు, లేదంటే కేక. హోరుకి చెవి కొంత అలవాటు పడిపోతుంది, గోలకి పడదు. అందులో మాటలుంటాయి కదా, వద్దన్నా మనసు అటు పోతుంది. రోజూ గంటలకొద్దీ బస్సులోనో రైలులోనో వెళ్లేవాళ్ల కాగితం మీద హోరే ఎక్కువ ఉంటుంది, వాళ్లు ఏఎన్‌సీ మీద డబ్బు పెట్టడం సరైన పని. పది మంది మాట్లాడుకునే ఆఫీసులో కూర్చునేవాళ్లు, టీవీ నడిచే ఇంట్లో చదువుకునే పిల్లలు మాత్రం ముందు చెవికి సరిగ్గా బిగిసేవి చూసుకోవాలి. ఏఎన్‌సీ ఆ తర్వాతే.

ఈ బిగింపు సంగతి ఎంత చెప్పినా తక్కువే. తక్కువ డబ్బుతో ఎక్కువ ఫలితం వచ్చేది ఇక్కడే, అందరూ నిర్లక్ష్యం చేసేదీ దీన్నే. చెవిలో దూరే ఇయర్‌ఫోన్లతో పాటు చిన్న, పెద్ద, మధ్య సైజు రబ్బరు టిప్పులు వస్తాయి. చాలామంది ముందే తగిలించి ఉన్న మధ్య సైజుతోనే వాడేస్తారు, మిగతావి పెట్టెలోనే ఉండిపోతాయి. అన్నీ పెట్టి చూడండి. రెండు చెవులు ఒకే సైజు ఉండాలని లేదు, నాకు కుడి చెవికి మధ్యది, ఎడమ చెవికి పెద్దది సరిపోయాయి. సరిగ్గా బిగిసిందో లేదో తెలుసుకోడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. పాట ఏమీ పెట్టకుండా నోరు మూసుకుని 'మ్మ్మ్' అనండి. మీ గొంతు తల లోపల బుర్ర మోగినట్టు గట్టిగా వినపడితే చెవి మూసుకున్నట్టు. మామూలుగా వినపడితే ఎక్కడో సందు ఉన్నట్టు. ఆ తర్వాత దవడ అటూ ఇటూ కదపండి, ఆవలించండి, తల వంచండి. అప్పటికీ అలాగే ఉంటే ఆ సైజు మీది.

సందు ఉంటే బయటి శబ్దం రావడమే కాదు, పాటలో బేస్ కూడా బయటికి పోతుంది. 'ఈ ఇయర్‌ఫోన్లలో బేస్ లేదు' అని తిట్టుకునేవాళ్లలో చాలామందికి కావాల్సింది ఇంకో సైజు టిప్పు, ఇంకో ఇయర్‌ఫోన్ కాదు. ఏఎన్‌సీ కూడా సందు ఉంటే సరిగ్గా పనిచేయదు, ఎందుకంటే హోరు ఎంత చిన్న సందులోంచైనా లోపలికి వచ్చేస్తుంది. రబ్బరు బదులు ఫోమ్ టిప్పులు విడిగా దొరుకుతాయి. వేళ్లతో నలిపి సన్నగా చేసి చెవిలో పెడితే మెల్లగా ఉబ్బి చెవి ఆకారంలో సర్దుకుంటాయి. గోలనీ కీచునీ ఆపడంలో నా అనుభవంలో ఇవి రబ్బరు కంటే ఎంతో మెరుగు. కాకపోతే చెమటకి, గులిమికి త్వరగా పాడవుతాయి, కొన్ని నెలలకోసారి మార్చుకోవాలి. టిప్పు లేకుండా చెవి గుమ్మంలో ఊరికే ఆనించుకునే ఇయర్‌బడ్స్ ఉన్నాయి చూశారా, వాటిలో ఏఎన్‌సీ ఉందని రాసినా నేనైతే కొనను. తలుపు తీసిపెట్టి గదిలో చప్పుడు తగ్గించాలనుకోవడం లాంటిది అది.

తల మీదుగా వేసుకునే వాటిలో చెవి మీద ఆనేవి, చెవి చుట్టూ కూర్చునేవి అని రెండు రకాలు. శబ్దం ఆపాలంటే రెండో రకమే తీసుకోండి, నేను మొదటి రకం కొనే నష్టపోయాను. కళ్లజోడు ఉన్నవాళ్లు కళ్లజోడు పెట్టుకునే ప్రయత్నించి చూడాలి. కాడ దగ్గర ప్యాడ్ కొంచెం పైకి లేస్తుంది, ఆ సందు చాలు హోరు లోపలికి రావడానికి. లావు కాడలుంటే చెవిలో దూరే రకమే నయం.

పెట్టె మీద 'గరిష్ఠంగా 40 డెసిబెల్స్ వరకు తగ్గిస్తుంది' లాంటి అంకెలుంటాయి. ఆ 'వరకు' అన్న మాట దగ్గర ఆగండి. ఎక్కడ అత్యధికంగా తగ్గిందో ఆ ఒక్క చోటి లెక్క అది, సాధారణంగా హోరు ఉండే కింది స్థాయిలో. కీచు దగ్గర అదే హెడ్‌ఫోన్ ఎంత తగ్గిస్తుందో పెట్టె చెప్పదు. డెసిబెల్ లెక్క కూడా మామూలు లెక్క కాదు, 10 డెసిబెల్స్ తగ్గితే శబ్దంలో శక్తి పదో వంతుకి పడిపోతుంది, చెవికి మాత్రం సుమారు సగం తగ్గినట్టు అనిపిస్తుంది. అందువల్ల 35 ఉన్నదానికీ 38 ఉన్నదానికీ మధ్య తేడా కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి, ఆ తేడా ఒక టిప్పు సైజు మార్పులో పోతుంది. 'హైబ్రిడ్' అని ఉంటే బయట ఒక మైకు, లోపల ఒక మైకు ఉన్నట్టు, లోపలి మైకు మిగిలిపోయిన శబ్దాన్ని విని సరిదిద్దుతుంది. రెండు మోడళ్లు దాదాపు ఒకే ధరలో ఉంటే హైబ్రిడ్ వైపు మొగ్గొచ్చు.

బ్యాటరీ గంటలు ఏఎన్‌సీ ఆఫ్‌లో ఉన్నప్పటివా ఆన్‌లో ఉన్నప్పటివా అని తప్పకుండా చూడండి, పెద్ద అంకె ఎప్పుడూ ఆఫ్‌దే, ఇయర్‌బడ్స్ అయితే కేసులో ఉన్న ఛార్జింగ్ కూడా కలిపి చెప్తారు. తల మీద వేసుకునే వాటికి వైరు పెట్టుకునే వీలుంటే మంచిది, ఛార్జింగ్ అయిపోయినా పని ఆగదు. ప్యాడ్లు విడిగా దొరుకుతాయో లేదో అడగండి, తోలు లాంటి పై పొర చెమటకి ఊడిపోతుంది, అది ఊడితే బిగింపు పోతుంది, బిగింపు పోతే అన్నీ పోయినట్టే. వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌లో బ్యాటరీ మార్చడం దాదాపు కుదరని పని, కొన్నేళ్లకి వాటి ఆయువు తీరుతుందని లెక్కలో పెట్టుకునే కొనాలి.

ఇంకో సంగతి. ఏఎన్‌సీ కొందరికి పడదు. ఆన్ చేయగానే చెవులు దిబ్బడ వేసినట్టు, విమానం దిగేటప్పుడు ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి చెవిలో గాలి ఒత్తిడి ఏమీ పెరగదు, కింది శబ్దాలు ఒక్కసారిగా మాయమైతే కొందరికి అలా అనిపిస్తుంది, అంతే. చవక రకాల్లో సన్నటి 'స్...' అనే సవ్వడి కూడా ఉంటుంది, నిశ్శబ్దంగా ఉన్న గదిలో అది బాగా తెలుస్తుంది. గాలి వీస్తుంటే మైకుల్లో గాలి కొట్టి బరబరమంటుంది. ఇవన్నీ ఐదు నిమిషాలు పెట్టుకుంటే తెలిసేవే. అందుకే కొనేముందు పాట పెట్టకుండా ఊరికే పెట్టుకుని ఏఎన్‌సీ ఆన్ చేసి, ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేసి వినాలి. పాట పెడితే అన్నీ బాగున్నట్టే ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కి ఇచ్చే వీలుందో లేదో చదివి, వచ్చిన రోజే మీ శబ్దం మధ్యలో పరీక్షించండి, వారం తర్వాత కాదు.

నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, శబ్దం ఆగకపోతే మనం చేసే పని ఒకటే, వాల్యూమ్ పెంచడం. నేను అదే చేశాను. రెండోసారి కొన్నవాటితో కీచుని దాటి వినడానికి వాల్యూమ్ దాదాపు చివరిదాకా పెట్టుకుని నెలల తరబడి పనిచేశాను. ఒక రాత్రి లైట్ ఆర్పి పడుకుంటే రెండు చెవుల్లోనూ సన్నగా గుయ్యిమని మోగుతోంది, వర్క్‌షాప్ మూసి ఎంతో సేపైంది. లేచి కూర్చున్నాను, ఏడుపొచ్చింది. నా చెవులే నా అన్నం. పొద్దునకి తగ్గింది. డాక్టరు పరీక్ష చేసి, ప్రస్తుతానికి బాగానే ఉంది, ఇలాగే కొనసాగిస్తే పోయిన వినికిడి తిరిగి రాదు అని చెప్పారు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు ఉంటాయి, మనుషుల్లో అవి ఒకసారి పోతే మళ్లీ పుట్టవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క పెద్దవాళ్లకి వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు. 90 దగ్గరైతే అదే వారానికి 4 గంటలే. 100 దగ్గర వారం మొత్తం మీద 20 నిమిషాలు. పిల్లలకి ఇంకా తక్కువ, 75 దగ్గర 40 గంటలు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సురక్షితంగా వినగల సమయం సగానికి సగం పడిపోతుందన్నమాట. వాల్యూమ్ రెండు గీతలు పెంచడం మనకి లెక్కలోకి రాదు, చెవికి వస్తుంది. చాలా ఫోన్లలో వాల్యూమ్ ఇంతకు మించకుండా కట్టేసే సెట్టింగ్ ఉంటుంది, పిల్లల ఫోన్లలో అది పెట్టండి. బయటి శబ్దం నిజంగా ఆగితే సగం వాల్యూమ్‌లోనే ప్రతి మాటా తెలుస్తుంది. శబ్దం ఆపే హెడ్‌ఫోన్లని కొందరు సోకు అంటారు, నేను ఒప్పుకోను. సరిగ్గా ఎంచుకుంటే అవి చెవిని కాపాడే వస్తువులు.

అసలు వినడానికి ఏమీ లేనివాళ్లు, నిద్ర కోసమో చదువు కోసమో నిశ్శబ్దం మాత్రమే కావాల్సినవాళ్లు, హెడ్‌ఫోన్లు కొననే అక్కర్లేదు. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ చాలా చవక, ఖరీదైన హెడ్‌ఫోన్ల కంటే గోలని బాగా ఆపుతాయి. వాటిని పెట్టుకునే పద్ధతి ఉంది. వేళ్ల మధ్య సన్నగా చుట్టి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి పెట్టి అర నిమిషం వేలితో అదిమి పట్టుకోవాలి. బయటే ఆనించి వదిలేస్తే పనిచేయవు. ఫ్యాక్టరీల్లో పనివాళ్లు తల మీద వేసుకునే ఇయర్‌మఫ్స్ కూడా విడిగా దొరుకుతాయి. వాటిలో పాట రాదు, బ్యాటరీ అక్కర్లేదు, గోలకీ కీచుకీ గట్టి అడ్డం. అయితే ఫైర్ అలారం వినాల్సిన చోట, పసిపిల్లలని చూసుకునే చోట ఏ రకమైనా జాగ్రత్త. రోడ్డు మీద నడిచేటప్పుడు తీసేయండి, లేదంటే బయటి శబ్దం వినపడనిచ్చే మోడ్ పెట్టుకోండి. వెనక నుంచి వచ్చే బండి హారన్ పాట కంటే ముఖ్యం.

మూడోసారి నేను కొన్నది మామూలు వైరు ఇయర్‌ఫోన్లు, ఏఎన్‌సీ లేదు. వాటికి ఫోమ్ టిప్పులు వేశాను, వాటి మీద ఇయర్‌మఫ్స్ పెట్టుకుంటాను, సన్నటి వైరు కాబట్టి మఫ్ కింద నుంచి వచ్చేస్తుంది. రెండూ కలిపినా మొదట పోగొట్టుకున్న దాంట్లో సగం కూడా కాలేదు. కంప్రెసర్ హోరు కొద్దిగా వస్తుంది, ఫరవాలేదు. కటింగ్ మెషిన్ ఎక్కడో దూరంగా ఉన్నట్టుంటుంది. నా వాల్యూమ్ ఇప్పుడు సగం కంటే తక్కువ. ఎండాకాలం రెండు గంటలకోసారి తీసి చెవులకి గాలి తగలనివ్వాలి, అది తప్పదు. ఇది అందరికీ సరిపోతుందని నేను చెప్పడం లేదు, బస్సులో వెళ్లే మా అక్క కొడుక్కి ఏఎన్‌సీ ఇయర్‌బడ్సే సరైనవి, వాడికి నేనే దగ్గరుండి టిప్పులు మార్చి ఇచ్చాను.

మీ టెక్నాలజీ పేజీ రాసేవారికి నా మనవి ఇది. హెడ్‌ఫోన్ల గురించి ఈసారి రాసేటప్పుడు దయచేసి నాలుగు సంగతులు చేర్చండి. అందులో ఉన్నది ఏఎన్‌సీనా ఈఎన్‌సీనా. హోరుని ఎంత ఆపింది, మాటల్ని ఎంత ఆపింది, రెండూ విడివిడిగా. టిప్పులు ఎన్ని సైజులు వచ్చాయి, లేదా ప్యాడ్లు మార్చుకునే వీలుందా. ఏఎన్‌సీ ఆన్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ ఎన్ని గంటలు. రాసేవారు ఒక్క రోజు ఫ్యాన్ కింద కూర్చుని, ఒక్క రోజు నలుగురు మాట్లాడుకునే చోట కూర్చుని పెట్టుకుని చూస్తే ఇవన్నీ తెలిసిపోతాయి. తయారు చేసే కంపెనీలు కూడా ఆ మూడు అక్షరాలని పెట్టె మీద పెద్దగా, తెలుగులో అర్థంతో సహా వేయాలని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. 'మీ గొంతు అవతలికి స్పష్టంగా వెళ్తుంది, మీ చెవికి బయటి శబ్దం తగ్గదు' అని వేస్తే ఆ మొదటి పెట్టెని నేను అక్కడే కింద పెట్టి వచ్చేదాన్ని.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు